పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్: రెండు మోటార్లూ కాలిపోయాయంటే నమ్మే ముందు చూడవలసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మెషీన్ పన్నెండేళ్ల నాటిది, సెమీ ఆటోమేటిక్. ఉతికే వైపు టైమర్ తిప్పితే గుయ్యిమని మోత వస్తోంది కానీ చక్రం తిరగడం లేదు. బట్టలు లేకపోతే ఒక్కోసారి తిరుగుతోంది. డ్రయర్ వైపు నింపాదిగా మొదలై దడదడ కొట్టుకుంటోంది, కింద నీళ్లు కారుతున్నాయి. వచ్చిన మెకానిక్ రెండు మోటార్లూ కాలిపోయాయని, పాత సామాన్లకు వేసి కొత్తది కొనుక్కోమని చెప్పారు. బాగు చేయించడం దండగా, మీరే చూసుకోగలిగింది ఏమైనా ఉందా అన్నది ప్రశ్న.

దండగ కాదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఉతికే వైపు కెపాసిటర్ (మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న డబ్బా), ఆ తర్వాత బెల్టు అనుమానించాలి. డ్రయర్ వైపు అడుగున నీళ్లు కిందికి పోకుండా ఆపే ముడతల రబ్బరు, దాన్నే బెల్లో అంటారు, అది చిరిగి ఉంటుంది, లేదా తొట్టి కింద ఏదో గుడ్డ చుట్టుకుని ఉంటుంది. మోటార్లు ఆఖరి అనుమానం. ఈ మెషీన్ల మరమ్మతే నా బతుకుతెరువు. కాలిపోయిన మోటారు చూడలేదని అనను. కానీ రెండు మోటార్లూ ఒకేసారి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కాలిపోవడం మాత్రం అరుదు. రెండు వైపులా ఒకేసారి బలం తగ్గిందంటే ముందు ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. ఉమ్మడిగా ఉండేవి మూడే: కరెంటు, కెపాసిటర్, పై నుంచి కారే నీళ్లు.

కరెంటు సంగతి ముందు తేల్చేయండి. ఈ మోటార్ల తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర నూరు పాళ్లు ఉన్న బలం 180 వోల్టుల దగ్గర అరవై పాళ్లకు పడిపోతుంది. సాయంత్రం వేళ లైట్లు మందగించే వీధుల్లో పగలు తిరిగే మెషీన్ రాత్రి గుయ్యిమంటూ నిలబడిపోవడానికి కారణం ఇదే. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి వేసి చూడండి. రెండు వేళలా ఒకేలా ఉంటే కరెంటును వదిలేయవచ్చు.

ఇక విప్పే ముందు ఒక మాట. ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడం చాలదు. మన ఇళ్లలో స్విచ్‌ను ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద కాకుండా న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) మీద పెట్టిన బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి, అక్కడ స్విచ్ ఆపినా మెషీన్ లోపల కరెంటు ఉంటుంది. తొట్టిలో నీళ్లు పూర్తిగా వదిలేసి, మెషీన్‌ను గోడకు దూరంగా జరిపి, వెనుక మూత స్క్రూలు తీయండి. ఒక్క తీగ కూడా ఊడదీయక ముందే ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. స్టార్ స్క్రూ డ్రైవరు, పదో నంబరు పానా, టార్చి, ఒక మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు.

ఉతికే వైపు

మొదటి పరీక్షకు పనిముట్లే అక్కర్లేదు. తొట్టిలో చెయ్యి పెట్టి చక్రాన్ని, అంటే పల్సేటర్‌ను, రెండు వైపులకూ తిప్పండి. కాస్త బరువుగా ఉన్నా సాఫీగా తిరగాలి, దానితో పాటు కింద బెల్టు కదలాలి. ఇక్కడి నుంచి దారులు చీలతాయి.

సాఫీగానే తిరుగుతోంది, కానీ కరెంటు పెడితే మోత తప్ప కదలిక లేదంటే కెపాసిటర్ బలహీనపడినట్లు. ఈ మోటారు లోపల రెండు తీగ చుట్లు (వైండింగులు) ఉంటాయి. ఒకదానికి కరెంటు నేరుగా, రెండోదానికి కెపాసిటర్ గుండా కొంచెం తేడాతో వెళితేనే తిరుగుడు పుడుతుంది. కెపాసిటర్ సత్తువ తగ్గితే ముందు బట్టలు ఉన్నప్పుడు ఆగిపోతుంది, కొన్నాళ్లకు ఖాళీగా ఉన్నా కదలదు. మీరు రాసిన వరస సరిగ్గా ఇదే. చాలా మెషీన్లలో ఉతికే మోటారుకూ డ్రయర్ మోటారుకూ కలిపి ఒకే డబ్బాలో రెండు కెపాసిటర్లు ఉంటాయి, బయటికి మూడు తీగలు వస్తాయి. అలాంటిది పోతే రెండు వైపులా ఒకేసారి నీరసిస్తాయి. అప్పుడు చూసేవారికి రెండు మోటార్లూ పోయినట్లే అనిపిస్తుంది.

దాన్ని ముట్టుకునే ముందు అందులో మిగిలిన కరెంటు దిగిపోవాలి. పాత ఫిలమెంటు బల్బు ఉన్న హోల్డరు తీగలను దాని కొనలకు కొద్ది క్షణాలు తాకిస్తే సరిపోతుంది. మూడు తీగలున్న డబ్బా అయితే జంటలు మార్చి మార్చి తాకించండి. కొలిచే సౌకర్యం మల్టీమీటర్‌లో ఉంటే డబ్బా మీద రాసిన మైక్రోఫారడ్‌లతో (కెపాసిటర్ సత్తువను కొలిచే లెక్క) పోల్చండి. పది అని రాసి ఉన్నది ఎనిమిదికి దిగిందంటే మార్చేయాల్సిందే. ఉబ్బినా, కారినా కొలవడం కూడా అనవసరం. కొత్తది కొనేటప్పుడు అవే మైక్రోఫారడ్‌లు, 440 వోల్టులది అడగండి. ఎక్కువ వేస్తే ఎక్కువ బలం వస్తుందని కొందరు పెద్దది బిగిస్తారు. దానితో మోటారు వేడెక్కి నిజంగానే కాలుతుంది. కరెంటు పెట్టి, చక్రాన్ని చేత్తో తోసి చూడమని చెప్పేవాళ్లూ ఉన్నారు. తోస్తే అది తిరుగుతుంది, నిజమే. కానీ తడి తొట్టిలో చెయ్యి పెట్టి చేసే పరీక్ష కాదది. ఇందులో చవకైన భాగాల్లో కెపాసిటర్ ఒకటి, మార్చి చూడడమే మేలు.

ఇంకో ముఖ్యమైన సంగతి: గుయ్యిమని మోగుతూ తిరగని మోటారును రెండు మూడు క్షణాలకు మించి అలా ఉంచకండి. ఆ స్థితిలో అది మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు తాగుతుంది. టైమర్ తిప్పేసి వంటింట్లోకి వెళ్లిపోతే, కెపాసిటర్‌తో పోయేది మోటారు దాకా వస్తుంది.

ఒక వైపే తిరుగుతూ రెండో వైపు వంతు వచ్చినప్పుడు ఆగిపోతుంటే కెపాసిటర్ జోలికి వెళ్లకండి. అది టైమర్ లోపలి పాయింట్లు నల్లబడడమో, ఒక తీగ తెగడమో అయి ఉంటుంది. దిశను మార్చేది టైమరే. తీగలు చూసేటప్పుడు ఎలుకలను మరవకండి. అడుగున జాలీ ఊడిపోయిన మెషీన్లలో అవి కాపురం పెడతాయి, మోటారు తీగల తొడుగు కొరికి పెడతాయి. గోదావరి జిల్లాల్లో పొలాల పక్క ఇళ్లకు వెళ్లినప్పుడు నేను మల్టీమీటర్ కన్నా ముందు టార్చి తీస్తాను.

చక్రం చేత్తో తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే కింద ఏదో ఇరుక్కుని ఉంటుంది. మధ్యలో ఉన్న ఒక్క స్క్రూ తీస్తే చక్రం పైకి రావాలి. రావాలి అన్నానే గానీ, పన్నెండేళ్లు ఉప్పు నీళ్లలో నానినది అంత సులువుగా రాదు. స్క్రూ మీద తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు స్క్రూ డ్రైవర్‌ను గాడిలో గట్టిగా నొక్కి పెట్టి, వెనుక సుత్తితో చిన్నగా తట్టి అప్పుడు తిప్పండి. గాడి అరిగిపోయేలా తిప్పితే ఆ తర్వాత డ్రిల్లు తప్పదు. స్క్రూ వచ్చినా చక్రం కదలకపోతే నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లు మధ్యలో పోసి గంటసేపు ఉంచండి, పేరుకున్న సున్నం కరుగుతుంది. తర్వాత అంచు కిందుగా రెండు ఎదురెదురు వైపుల నుంచి గట్టి తాడు దూర్చి, సమంగా పైకి లాగాలి. స్క్రూ డ్రైవరు దూర్చి ఒక పక్క నుంచి ఎత్తారో, తొట్టి అడుగు పగులుతుంది. అడుగు పగిలితే నిజంగానే పాత సామాన్లకే. చక్రం కింద దొరికేవి పిన్నీసులు, జాకెట్టు హుక్కులు, రూపాయి బిళ్లలు, గుండీలు. ఒక ఇంట్లో బంగారు చెవి దిద్దు దొరికింది. ఆ రోజు నా కూలి గురించి ఎవరూ బేరమాడలేదు.

చక్రం తీసినప్పుడు దాని మధ్య రంధ్రంలోని పళ్లు చూడండి. అవి అరిగి నున్నబడితే కింద పుల్లీ (బెల్టు చుట్టుకుని ఉండే చక్రం) తిరుగుతుంది, చక్రం మాత్రం బట్టల బరువుకు నిలబడిపోతుంది. ఇది గేర్‌బాక్స్ (పుల్లీ తిరుగుడును పైనున్న చక్రానికి అందించే పళ్ల పెట్టె) లోపం కాదు, చక్రం మారిస్తే చాలు. మెషీన్‌ను బట్టి ఈ పళ్ల సంఖ్య మారుతుంది, పాతదాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లండి. మెషీన్ పేరు చెప్పి తెచ్చుకున్నవి సగం సార్లు వాపసు తీసుకెళ్లాల్సి వస్తుంది.

బెల్టు చూడడం తేలిక. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే ఇంచులో మూడో వంతు లోపలికి పోవాలి. అంతకు మించి వేలాడితే మోటారు బిగింపు నట్లు వదులు చేసి వెనక్కి జరపండి, అందుకోసమే అక్కడ పొడవాటి గాడులు ఉంటాయి. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, కింద నల్లటి పొడి రాలి ఉన్నా కొత్తది వేయండి. బెల్టు తడిగా ఉంటే మాత్రం కథ వేరు. గేర్‌బాక్స్ సీలు నుంచి నీళ్లు కారి, తిరిగే పుల్లీ మీద పడి చుట్టూ చిమ్ముతాయి, అడుగున గుండ్రని తుప్పు మరక పడుతుంది. ఆ మరక కనిపిస్తే బెల్టు మార్చి లాభం లేదు, గేర్‌బాక్స్ మార్చాలి. సీలు ఒక్కటే మార్చవచ్చు కదా అంటారు. గేరు చప్పుడు లేకుండా, ఇరుసు మీద తుప్పు గాట్లు లేకుండా ఉంటే మార్చవచ్చు. చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే లోపలి గ్రీజులో ఇప్పటికే నీళ్లు కలిశాయన్నమాట, అప్పుడు మొత్తం మార్చడమే.

డ్రయర్ వైపు

నా లెక్కలో మీ అసలు సమస్య ఇక్కడుంది. డ్రయర్‌కు బెల్టు ఉండదు, తొట్టి ఇరుసు నేరుగా మోటారుకు బిగించి ఉంటుంది. మన 50 హెర్ట్‌జ్ కరెంటు మీద అది నిమిషానికి 1500 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. ఆ ఇరుసు బయటి తొట్టి అడుగులోంచి దిగే చోట నీళ్లు కిందికి పోకుండా ఆపేది బెల్లో. ఇది ముడతల గొట్టం లాంటి రబ్బరు, దాని నడుమ సీలు, ఇరుసు తిరగడానికి ఆసరాగా బుష్షు ఉంటాయి. సబ్బు నీళ్లకు రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడి ముడతల దగ్గర చిట్లుతుంది. చిట్లిన చోట నుంచి నీళ్లు సరాసరి కింద ఉన్న డ్రయర్ మోటారు నెత్తి మీద పడతాయి.

అందుకే నేను పట్టుబట్టి చెప్పేది: నీళ్లు కారడం ఆపకుండా మోటారు మార్చకండి. ఒక హాస్టల్ వాళ్లు డ్రయర్ మోటారు వరుసగా మార్పించుకుంటూ పోయి, మోటార్లు నాసిరకానివని దుకాణదారుతో తగువు పెట్టుకున్నారు. విప్పి చూస్తే బెల్లో వేలు దూరేంత చిరిగి ఉంది. మోటారు వేసిన ప్రతిసారీ పని చేసి చూపించారు, డబ్బు తీసుకున్నారు, పైకి చూసినవాళ్లు లేరు. బెల్లో మార్చాక అదే రకం మోటారు ఆగకుండా నడుస్తోంది.

పరీక్ష ఇలా చేయండి. ప్లగ్గు తీసి ఉండగానే, వెనుక నుంచి టార్చి వేసి, డ్రయర్ తొట్టిలో ఒక చెంబు నీళ్లు పోయండి. నీళ్లు గొట్టం గుండా బయటికి పోవాలి. మోటారు మీద చుక్క పడినా బెల్లో పోయినట్లే. మోటారు పైన తుప్పు చారలు, తెల్లటి సబ్బు మరకలు ఉన్నా అంతే.

దడదడ శబ్దానికి మూడు కారణాలు ఉండవచ్చు. మూత తెరిచి, తొట్టిని చేత్తో ఒక పక్కకు వంచి వదలండి. ఊగి మధ్యకు వచ్చి నిలబడాలి. ఒక పక్కకు ఒరిగి ఉండిపోతే మోటారు కింద ఉండే మూడు స్ప్రింగుల్లో ఒకటి విరిగింది, లేదా దాని రబ్బరు గిన్నె నలిగింది. ఒకటే పోయినా మూడూ కలిపి మార్చండి, కొత్తది ఒకటీ పాతవి రెండూ కలిస్తే మళ్లీ ఒరుగుతుంది. రెండో కారణం, ఇరుసును మోటారుకు కలిపే కప్లింగ్ బోల్టు వదులు కావడం. తొట్టిని కొంచెం తిప్పి చూస్తే మోటారు కదలకుండా తొట్టి ఒక్కటే కదులుతుంది. మూడోది మెషీన్ నిలబడిన నేల. వాలు ఉన్న బాల్కనీల్లో ఏ భాగం మార్చినా శబ్దం పోదు. ఒక కాలి కింద చెక్క పెట్టి సమం చేస్తే పోతుంది.

ఇక నింపాదిగా తిరగడం. దీనికి నేను ఎక్కువగా చూసే కారణం విచిత్రంగా ఉంటుంది. డ్రయర్‌లో బట్టల మీద పెట్టడానికి చిల్లుల ప్లాస్టిక్ మూత ఒకటి ఇస్తారు. కొన్న ఏడాదికే అది ఏ అటక మీదకో చేరుతుంది. అది లేకుండా తిప్పితే చిన్న బట్టలు పైకి లేచి, లోపలి తొట్టికీ బయటి తొట్టికీ మధ్య సందులోంచి కిందికి జారిపోతాయి. జేబురుమాలు, పసిపిల్లల సాక్సు, జాకెట్టు తాడు ఇరుసుకు చుట్టుకుంటాయి. మోటారు వాటిని ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వేడెక్కుతుంది, ఆ గుడ్డే బెల్లోను కూడా చింపుతుంది. మీకు నీళ్లు కారడం, మెల్లగా తిరగడం రెండూ ఉన్నాయి కాబట్టి తొట్టి పైకి తీసినప్పుడు ఇరుసు చుట్టూ తప్పకుండా చూడండి.

గుడ్డ లేకపోతే బ్రేకు చూడాలి. డ్రయర్ మూత తెరవగానే తొట్టి ఆగడానికి కప్లింగ్ చుట్టూ ఒక బ్రేకు పట్టుకుంటుంది. మూత వేస్తే ఒక తీగ దాన్ని వెనక్కి లాగుతుంది. ఏళ్లు గడిస్తే ఆ తీగ సాగుతుంది, మూత వేసినా బ్రేకు పూర్తిగా వదలదు. కాలిన రబ్బరు వాసన, కప్లింగ్ మీద మెరిసే గీత, కింద నల్ల పొడి దీని గుర్తులు. తీగ కొసను ఒక గాడి బిగించి కట్టుకుంటే సరిపోతుంది. ఈ పని చేయలేక కొందరు బ్రేకు తీగ పూర్తిగా తీసేసి, మూత కింది స్విచ్‌ను కూడా కలిపేస్తారు. అలాంటి మెషీన్ నా దగ్గరికి వస్తే ఆ రెండూ తిరిగి పెట్టకుండా నేను ఇవ్వను. ఆ వేగంతో తిరిగే తొట్టిలో పిల్లలు చెయ్యి పెడితే ఏమవుతుందో వివరించనక్కర్లేదు.

నీళ్లు నిలబడి ఉన్నా తొట్టి వేగం అందుకోదు. సెమీ ఆటోమేటిక్‌లో నీళ్లు తోడే పంపు ఉండదు, వాలు మీద పోవాల్సిందే. గొట్టం కొసను గడప మీదుగా ఎత్తి పెట్టినా, నీళ్లు వదిలే వాల్వు దగ్గర నూలు పీచు పేరుకున్నా బయటి తొట్టిలో నీళ్లు నిలుస్తాయి. పది నిమిషాల పని, ముందు ఇదే చూసినా తప్పు లేదు.

బెల్లో మార్చడం ఓపిక ఉంటే ఇంట్లో చేయగలిగిన పనే. వెనుక నుంచి కప్లింగ్ నట్టు, బోల్టు వదులు చేసి తొట్టిని నిటారుగా పైకి లాగాలి. పాత రబ్బరు ఊడదీసి, అది కూర్చునే గాడిలో సబ్బు జిడ్డు పూర్తిగా గీకేయాలి. ఇరుసు మీద తుప్పు ఉంటే సన్నరకం ఎమరీ కాగితంతో నున్నగా రుద్దండి. గోరు ఆడిస్తే తగిలేంత గాడి పడి ఉంటే కొత్త బెల్లో కూడా నిలవదు, ఇరుసు లేదా తొట్టి మార్చాలి. సీలు అంచుకు నీటికి తట్టుకునే గ్రీజు కొద్దిగా రాయండి. కొబ్బరినూనె వద్దు. అది కొద్ది నెలల్లో బంకలా గడ్డకడుతుంది. బిగించేటప్పుడు బోల్టు ఇరుసు మీద చదునుగా ఉన్న చోట కూర్చోవాలి. ఆ తర్వాత మళ్లీ చెంబు నీళ్ల పరీక్ష చేసి, చుక్క పడకపోతేనే కరెంటు పెట్టండి.

మోటారు నిజంగా పోయిందా అన్నది తేల్చడం

ఇవన్నీ చూశాక కూడా తిరగకపోతే మోటారును కొలవండి. దాని నుంచి మూడు తీగలు వస్తాయి. కెపాసిటర్ నుంచీ టైమర్ నుంచీ వాటిని విడదీసి, జంటలుగా మల్టీమీటర్‌తో ఓమ్‌లు (తీగ చుట్టు కరెంటును అడ్డుకునే కొలత) చూడండి. ఉతికే మోటారు రెండు వైపులకూ తిరగాలి కాబట్టి దాని రెండు చుట్లూ దాదాపు సమానం: రెండు జంటలు ఒకే అంకె, మూడోది వాటి మొత్తం చూపాలి. డ్రయర్ మోటారుకు రెండూ అసమానంగా ఉంటాయి, మూడో జంట మాత్రం ఆ రెండింటి మొత్తమే. ఏ జంటైనా అసలు చూపకపోతే చుట్టు తెగినట్లు. ఏ తీగకైనా మోటారు ఒంటికీ మధ్య కొద్దిపాటి అంకె కనిపించినా అది షాకు కొట్టే మోటారు. తడిసిన మోటారు అయితే విప్పి రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి మళ్లీ కొలవండి, కొన్ని తేరుకుంటాయి. ఈ అంకెలు కాగితం మీద రాసి మీ మెకానిక్‌కు చూపండి. మోటారు పోయిందన్న మాటకు ఆధారం అవే, మోత కాదు.

మార్చక తప్పకపోతే, కొత్తగా దొరికేవాటిలో అల్యూమినియం చుట్టువి చాలా ఉంటాయి. రాగి చుట్టుదా కాదా అని అడిగి తీసుకోండి. మీ ఊళ్లో నమ్మకమైన వైండింగ్ షాపు ఉంటే పాత మోటారును రాగితో చుట్టించడం నాకు ఇంకా నచ్చే మార్గం. పాత మోటార్ల ఇనుము గట్టిది, కొలతలూ సరిగ్గా కూర్చుంటాయి.

ఎక్కడ ఆపాలి అంటారా? కెపాసిటర్, బెల్టు, బెల్లో, స్ప్రింగుల వరకు కళ్లు మూసుకుని చేయించండి. అన్నీ కలిపినా కొత్త మెషీన్ ధరలో చిన్న భాగమే. గేర్‌బాక్స్‌తో పాటు ఒక మోటారు కూడా కావాలంటే మూడో వంతు ధర దాటుతుందేమో లెక్క వేసుకోండి, దాటితే నేనైతే వద్దంటాను. తొట్టి పగిలినా, అడుగు బేసు విరిగి మోటారు సరిగ్గా కూర్చోకపోయినా మరో ఆలోచన వద్దు, దసరాకో దీపావళికో పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకోండి.

మీరు ముందు చేయవలసినవి రెండే: చెంబు నీళ్ల పరీక్ష, కెపాసిటర్ కొలత. ఫలితాలు ఇక్కడ రాయండి. కెపాసిటర్ డబ్బా మీద ఉన్న అంకెలు, తీగలు రెండా మూడా అన్నది, వెనుక నుంచి తీసిన ఒక ఫొటో కూడా జత చేస్తే ఏ భాగం తెచ్చుకోవాలో చెబుతాను.